చేతి లెక్క 46, ఎక్సెల్ లెక్క 41: మధ్యలో తప్పిపోయిన ఐదు బకాయిలు

ప్రశ్న: నేను మా ఊరి గ్రామ సమాఖ్యలో లెక్కలు రాస్తుంటాను. మా కింద 22 పొదుపు సంఘాలు ఉన్నాయి. సభ్యులు తీసుకున్న అప్పులన్నీ ఎక్సెల్‌లో ఒక్కో వరుసకు ఒక్కో అప్పు చొప్పున 2వ వరుస నుంచి 312వ వరుస దాకా ఎక్కించాను. ఎందరు బకాయి ఉన్నారో తెలుసుకోవడానికి, షరతుకు సరిపోయిన గడులను లెక్కపెట్టే ఫార్ములా అయిన కౌంట్‌ఇఫ్ వాడితే 41 అని వస్తోంది. షీటులో వరుసలను చూస్తూ చేత్తో లెక్కపెడితే 46 వచ్చింది. జూన్‌లో ఇచ్చిన అప్పులు పుస్తకం ప్రకారం 19 ఉంటే ఎక్సెల్ 11 అంటోంది. 90 రోజులు దాటిన బకాయిలు ఆరు ఉన్నాయని నాకు నోటికి తెలుసు, అది మాత్రం నాలుగే చూపుతోంది. ఇవి చాలవన్నట్టు, పోయిన సమావేశంలో ఏపీఎం (అసిస్టెంట్ ప్రాజెక్ట్ మేనేజర్) గారు "46 అప్పులు సరేనమ్మా, మనుషులు ఎంతమంది?" అని అడిగితే జవాబు చెప్పలేకపోయాను. సంఘాల వారీగా లెక్క తీద్దామని ఫార్ములాను కిందికి లాగితే అంకెలు అడ్డదిడ్డంగా వస్తున్నాయి. మా ఫైలు నుంచి మండల సమాఖ్య ఫైలులోకి తెచ్చుకున్న గడిలో లెక్కకు బదులు ఏదో తప్పు చూపుతోందని వాళ్లు ఫోన్ చేశారు. కౌంట్‌ఇఫ్‌ను నమ్మవచ్చా, లేక మళ్లీ పుస్తకానికే వెళ్లిపోవాలా? పేర్లు తీసేసి షీటు పంపుతున్నాను.
— ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: అమ్మా, మీ షీటు మొత్తం చూశాను. మీరు రాసిన ఫార్ములాల్లో ఒకటి రెండు సరిచేయవలసినవి ఉన్న మాట నిజమే గాని, మీ లెక్కలు తేడా రావడానికి అసలు కారణం ఫార్ములా కాదు, గడుల్లో ఉన్న సమాచారం. మీరు గడిని చూసి భావం చదువుకుంటారు, కౌంట్‌ఇఫ్ అక్షరాలను మాత్రమే పోల్చుకుంటుంది. ఈ ఒక్క తేడాను పట్టుకుంటే మీరు అడిగిన ప్రశ్నల్లో చాలావాటికి జవాబు దొరుకుతుంది. మొదలుపెట్టే ముందు ఒక మాట. ఇక్కడ ఫార్ములాలను తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను గాని, షీటులో కౌంట్‌ఇఫ్ వంటి పేర్లను, కాలమ్‌ల అక్షరాలను ఇంగ్లిషులోనే టైపు చేయాలి. కొటేషన్ మార్కుల మధ్య ఉన్న తెలుగు మాటలను మాత్రం తెలుగులోనే ఉంచాలి. మీ షీటులో ఎ కాలమ్‌లో సంఘం పేరు, బి లో సభ్యురాలి నంబరు, సి లో అప్పు రకం, డి లో అప్పు ఇచ్చిన తేదీ, ఈ లో మొత్తం, ఎఫ్ లో స్థితి, జి లో బకాయి రోజులు ఉన్నాయి.

ముందుగా ఆ ఐదు బకాయిల సంగతి చూద్దాం. మీరు రాసిన ఫార్ములా ఇది:

=కౌంట్‌ఇఫ్(ఎఫ్2:ఎఫ్312,"బకాయి")

ఇందులో తప్పేమీ లేదు. మొదట ఎక్కడ వెతకాలో, తరువాత ఏ షరతుతో వెతకాలో చెప్పారు, అంతకు మించి దానికి కావలసింది లేదు. అయితే ఈ షరతుకు అర్థం, గడిలో మొదటి నుంచి చివరి దాకా "బకాయి" అనే మాట తప్ప మరేదీ ఉండకూడదని. మీ ఎఫ్ కాలమ్‌లో మూడు గడుల్లో ఆ మాట తరువాత ఒక ఖాళీ ఉంది, అంటే టైపు చేశాక అలవాటుగా స్పేస్ బార్ నొక్కారు. ఒక గడిలో "బకాయి-2 నెలలు" అని ఉంది. మరొక గడిలో "బాకీ" అని ఉంది. మనిషి చదివితే ఈ ఐదూ బకాయిలే, కౌంట్‌ఇఫ్ దృష్టిలో ఏ ఒక్కటీ బకాయి కాదు. 41కి ఈ ఐదు కలిపితే మీ 46 వస్తుంది.

చివర ఉన్న ఖాళీ కంటికి కనపడదు కాబట్టి దాన్ని పట్టుకోవడానికి, గడిలో ఎన్ని అక్షరాలున్నాయో చెప్పే లెన్ అనే ఫంక్షన్ ఉపయోగపడుతుంది. పక్కన ఖాళీగా ఉన్న కాలమ్‌లో =లెన్(ఎఫ్2) అని రాసి కిందికి లాగండి. మనకు "బకాయి" మూడక్షరాల మాటే గాని, కంప్యూటరు బ, క, దాని దీర్ఘం, య, దాని గుడి అని ఐదింటిని విడివిడిగా దాచుకుంటుంది, కనుక సరిగ్గా టైపైన ప్రతి బకాయి దగ్గరా 5 కనిపించాలి. 6 కనిపించిన చోట ఒక ఖాళీ దాగి ఉన్నట్టు. ఆ ఖాళీలను తీసేయడానికి =ట్రిమ్(ఎఫ్2) అని రాసి, వచ్చిన ఫలితాలను కాపీ చేసి, పేస్ట్ స్పెషల్‌లో విలువలు మాత్రమే ఎంచుకుని మళ్లీ ఎఫ్ కాలమ్‌లో అతికించవచ్చు. వెబ్ పేజీల నుంచి కాపీ చేసి తెచ్చిన సమాచారంలో ఒక్కోసారి ట్రిమ్‌కు లొంగని ఖాళీ ఉంటుంది. కంప్యూటరు అక్షరాల పట్టికలో దాని సంఖ్య 160. అప్పుడు =ట్రిమ్(సబ్‌స్టిట్యూట్(ఎఫ్2,క్యార్(160)," ")) అని రాస్తే అది కూడా పోతుంది. మీ షీటులో అంత అవసరం రాలేదు.

ఇక్కడ చాలామంది ఒక అడ్డదారి తొక్కుతారు. మాట చివర స్టార్ గుర్తు పెట్టి "బకాయి*" అని రాస్తే, బకాయితో మొదలయ్యే ప్రతి గడీ లెక్కలోకి వస్తుంది. ఖాళీ ఉన్న మూడూ, "2 నెలలు" అని చేర్చినదీ దొరికిపోతాయి. మీ షీటులో నేను అలా చేసి చూస్తే 47 వచ్చింది. 46 రావలసిన చోట 47 అంటే ఏదో ఒకటి ఎక్కువ పడిందనుకుని సర్దుకుపోతారేమో గాని, నిజానికి ఆ 47లో "బాకీ" లేదు, పైగా మీరు రెండు చోట్ల రాసిన "బకాయి లేదు" కూడా బకాయిలుగా చేరిపోయాయి. పూర్తిగా తేడాగా వచ్చిన అంకె కన్నా ఇలా దగ్గరగా వచ్చిన అంకె ప్రమాదకరం, ఎందుకంటే దాన్ని ఎవరూ అనుమానించరు. స్టార్ గుర్తు సంఘం పేరులో ఒక ముక్కతో వెతకడానికి పనికొస్తుంది. స్థితి వంటి కాలమ్‌లో దాన్ని వాడవలసి వచ్చిందంటేనే ఆ కాలమ్‌ను శుభ్రం చేయాలని అర్థం.

శుభ్రం చేశాక మళ్లీ పాడవకుండా ఉండాలంటే ఎఫ్ కాలమ్‌ను ఎంచుకుని, డేటా మెనూలో డేటా వ్యాలిడేషన్‌కు వెళ్లి, జాబితాగా "కట్టారు,బకాయి" అని ఇవ్వండి. అప్పటి నుంచి ఆ గడుల్లో చేత్తో టైపు చేయకుండా రెండింటిలో ఒకటి ఎంచుకుంటే చాలు, మూడో మాటను అది ఒప్పుకోదు. అయితే వేరే చోట నుంచి కాపీ చేసి అతికిస్తే ఈ కాపలా పనిచేయదు, అతికించినది నిశ్శబ్దంగా లోపలికి వచ్చేస్తుంది. అందుకే ఒక సరిచూపు గడిని షీటు పైన శాశ్వతంగా పెట్టుకోమంటాను:

=రోస్(ఎఫ్2:ఎఫ్312)-కౌంట్‌ఇఫ్(ఎఫ్2:ఎఫ్312,"బకాయి")-కౌంట్‌ఇఫ్(ఎఫ్2:ఎఫ్312,"కట్టారు")

మొత్తం 311 వరుసల్లోంచి బకాయిలను, కట్టినవారిని తీసేస్తే సున్నా మిగలాలి. సున్నా కాకుండా ఎంత వస్తే అన్ని గడుల్లో తప్పు మాటో, ఖాళీయో ఉన్నట్టే. మీరు పంపిన షీటులో ఇది 9 చూపింది: పైన చెప్పిన ఐదు, "బకాయి లేదు" రెండు, అసలేమీ నింపని గడులు రెండు. మీ చేతి లెక్కకు ఆ ఖాళీ గడులు తగలలేదు, ఎందుకంటే మీరు బకాయిలను మాత్రమే ఏరుకున్నారు. ఆ రెండు వరుసలకు పుస్తకం చూసి స్థితి నింపండి. అవి బకాయిలే అయితే మీ 46 కూడా మారుతుంది.

ఇదే సందర్భంలో మరొకటి. "బకాయి కానివి" అనే అర్థంలో "<>బకాయి" అని షరతు పెట్టేవారున్నారు. అది కట్టినవారితో పాటు ఖాళీ గడులను కూడా లెక్కపెడుతుంది. కట్టినవారు కావాలంటే "కట్టారు" అనే అడగాలి. మీరు బకాయి వరుసలకు ఎరుపు రంగు వేశారు, చూడడానికి బాగుంది, కానీ కౌంట్‌ఇఫ్‌కు రంగు తెలియదు. అలాగే ఫిల్టరు పెట్టి కొన్ని వరుసలను దాచినా అది దాచిన వాటిని కూడా కలిపే లెక్కిస్తుంది, కాబట్టి తెర మీద కనిపిస్తున్నవాటితో దాని జవాబును పోల్చకండి.

ఇప్పుడు తేదీలు. మీ షీటులో అన్నిటికన్నా లోతైన చిక్కు ఇదే, దీన్ని ఓపికగా చదవండి. జూన్ అప్పుల కోసం మీరు రాసినది =కౌంట్‌ఇఫ్(డి2:డి312,"*/06/2025"). స్టార్ గుర్తు అక్షరాలుగా ఉన్న గడుల మీద మాత్రమే పనిచేస్తుంది. నిజమైన తేదీ ఎక్సెల్‌లో అక్షరాలుగా ఉండదు, 1900 జనవరి 1ని ఒకటిగా తీసుకుని లెక్కపెట్టిన ఒక అంకెగా ఉంటుంది. 2025 జూన్ 1 అంటే దాని లోపల ఉన్నది 45809. ఏటవాలు గీతలూ, నెలా, సంవత్సరమూ మనకు చూపడానికి పైన వేసిన ముస్తాబు మాత్రమే. కాబట్టి తేదీలన్నీ సరిగ్గా ఉండి ఉంటే మీ ఫార్ములా సున్నా చూపేది. 11 చూపిందంటే, పదకొండు గడుల్లో తేదీ తేదీగా లేదు, ఉత్త అక్షరాలుగా ఉందని అర్థం.

ఎందుకలా జరిగిందంటే, మీ కంప్యూటరులో తేదీ పద్ధతి అమెరికా పద్ధతిలో, అంటే నెల ముందు, రోజు తరువాత అన్నట్టు ఉంది. మీరు మన అలవాటు ప్రకారం జూన్ 25ను 25/06/2025 అని టైపు చేశారు. 25వ నెల లేదు కనుక ఎక్సెల్ దాన్ని తేదీగా గుర్తించలేక అక్షరాలుగా వదిలేసింది. జూన్ 5ను 05/06/2025 అని టైపు చేస్తే అది మరింత ముప్పు, ఎందుకంటే దాన్ని ఎక్సెల్ మే 6గా అర్థం చేసుకుని హాయిగా తేదీగా ఒప్పుకుంది. నెలలో 13 నుంచి ఆపై ఇచ్చిన అప్పులన్నీ అక్షరాలుగా మిగిలాయి, 12 లోపు ఇచ్చినవి (రోజూ నెలా ఒకే అంకె అయినవి తప్ప) రోజూ నెలా తారుమారై వేరే నెలల్లోకి వెళ్లిపోయాయి. మీ జూన్ అప్పుల్లో 11 మొదటి రకం, 8 రెండో రకం. ఈ రెండూ కలిపితే పుస్తకంలోని 19. షీటులో ఆ కాలమ్‌ను ఒకసారి వెడల్పు చేసి చూడండి. అమరికను మీరు మార్చకపోతే అక్షరాలు గడికి ఎడమ వైపు, నిజమైన తేదీలు కుడి వైపు ఒరిగి కనిపిస్తాయి.

దీన్ని సరిచేయాలంటే, ముందు ఫైలుకు ఒక నకలు తీసి పక్కన పెట్టండి. తరువాత ఖాళీ కాలమ్‌లో ఈ ఫార్ములా రాసి చివరి వరుస దాకా లాగండి:

=ఇఫ్(ఈజ్‌నంబర్(డి2),డేట్(ఇయర్(డి2),డే(డి2),మంత్(డి2)),డేట్(రైట్(డి2,4),మిడ్(డి2,4,2),లెఫ్ట్(డి2,2)))

గడిలో ఉన్నది అంకె అయితే, అంటే ఎక్సెల్ తారుమారు చేసిన తేదీ అయితే, రోజునూ నెలనూ మళ్లీ తిప్పి కడుతుంది. అక్షరాలైతే చివరి నాలుగు అంకెలను సంవత్సరంగా, మధ్య రెండింటిని నెలగా, మొదటి రెండింటిని రోజుగా తీసుకుని తేదీ తయారుచేస్తుంది. ఇది పనిచేయాలంటే తేదీలన్నీ ఆ ఒక్క కంప్యూటరులోనే, రోజుకూ నెలకూ రెండేసి అంకెలతో టైపు చేసి ఉండాలి. మీ షీటులో అన్నీ అలాగే ఉన్నాయి. కానీ కొన్ని వరుసలు వేరే కంప్యూటరులో, సరైన తేదీ పద్ధతిలో ఎక్కించినవైతే, వాటిని ఈ ఫార్ములా సరిచేయకపోగా పాడుచేస్తుంది. కాబట్టి ఫలితాలను డి కాలమ్‌లో అతికించే ముందు, రోజు 12 లోపు ఉన్న పది పన్నెండు వరుసలను పుస్తకంతో పోల్చి చూసుకోండి. ఆ తరువాత కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్‌ను ఇంగ్లిష్ (ఇండియా) అని మార్చితే ఇకపై టైపు చేసే తేదీలు మన పద్ధతిలోనే చేరుతాయి. ఆ మార్పు పాత గడులను సరిచేయదని గుర్తుంచుకోండి.

తేదీలు కుదిరాక జూన్ అప్పులకు కౌంట్‌ఇఫ్స్ వాడాలి. ఇది 2007 ఎక్సెల్‌తో వచ్చింది, కౌంట్‌ఇఫ్‌కు ఒక్క షరతే ఇవ్వగలం, దీనికి ఎన్నో ఇవ్వవచ్చు, అన్నీ ఒకేసారి నెరవేరిన వరుసలనే అది లెక్కపెడుతుంది:

=కౌంట్‌ఇఫ్స్(డి2:డి312,">="&డేట్(2025,6,1),డి2:డి312,"<"&డేట్(2025,7,1))

పోలిక గుర్తులు కొటేషన్ మార్కుల లోపల ఉండాలి, తేదీ బయట ఉండాలి, రెంటినీ & గుర్తు కలపాలి. "జూన్ 30 వరకు" అనకుండా "జూలై 1 కన్నా ముందు" అని ఎందుకు రాశానంటే, కొన్ని సాఫ్ట్‌వేర్ల నుంచి వచ్చే తేదీల్లో వేళ కూడా చేరి ఉంటుంది, అప్పుడు జూన్ 30 సాయంత్రం నమోదైన అప్పు "30 వరకు" అనే షరతుకు దొరకదు. మీ షీటులో వేళలు లేవు గాని, ఈ అలవాటు మంచిది. ఒక విషయం ఇక్కడ మళ్లీ గుర్తుచేస్తాను. తేదీలు సరిచేయకుండా ఈ ఫార్ములా వాడితే, మార్చి 6న, ఏప్రిల్ 6న ఇచ్చిన అప్పులు జూన్‌లోకి వచ్చి కూర్చుంటాయి, ఎందుకంటే ఇప్పుడవి జూన్ 3, జూన్ 4 తేదీలుగా మారి ఉన్నాయి.

90 రోజులు దాటినవి ఆరు ఉండగా నాలుగే రావడానికి కారణం చిన్నది. జి కాలమ్‌లో రెండు గడుల్లో "95 రోజులు", "120 రోజులు" అని రాశారు. ">90" అనే షరతు అంకెలను మాత్రమే పోలుస్తుంది, పక్కన మాట చేరగానే ఆ గడి అక్షరాలై లెక్క నుంచి జారిపోతుంది. రోజులు అనే మాట కాలమ్ శీర్షికలో ఉంటే చాలు, గడిలో అంకె మాత్రమే ఉండాలి. తీరా చూస్తే బకాయి రోజులను చేత్తో రాయడమే అనవసరం. వాయిదా గడువు తేదీకి ఒక కాలమ్ పెట్టి, నివేదిక తేదీని కె1 గడిలో ఉంచి, రెంటి మధ్య తేడాను ఎక్సెల్‌నే తీయమనండి. ఎప్పటికప్పుడు ఆనాటి తేదీని ఇచ్చే టుడే ఫంక్షన్ వాడమని చాలామంది చెబుతారు గాని నేను చెప్పను. జూన్ నెలాఖరు నివేదికను జూలై 10న తెరిస్తే అంకెలన్నీ పది రోజులు ముందుకు జరిగిపోయి ఉంటాయి, సంతకం చేసిన కాగితంతో షీటు సరిపోదు.

90 రోజుల గీతను మీరు ఊరికే అడగలేదని నాకు తెలుసు. బ్యాంకు లింకేజీ అప్పు, అంటే సంఘం ద్వారా బ్యాంకు ఇచ్చిన అప్పు, 90 రోజులకు మించి బకాయి పడితే రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం బ్యాంకు దాన్ని నిరర్థక ఆస్తిగా, అంటే వసూలు సందేహమైన అప్పుగా, చూపవలసి ఉంటుంది, అక్కడి దాకా వచ్చాక మాట్లాడడం కష్టం. అంతకు ముందే బ్యాంకులు ఎస్‌ఎంఏ (స్పెషల్ మెన్షన్ అకౌంట్, అంటే ముందుగానే కన్నేసి ఉంచవలసిన ఖాతా) పేరుతో బకాయిలను 30 రోజుల లోపు, 31 నుంచి 60, 61 నుంచి 90 అని మూడు మెట్లుగా చూస్తాయి. మీరు కూడా నెలనెలా ఆ మెట్ల లెక్క తీసి పెట్టుకుంటే సమావేశంలో ఏ సంఘంతో ముందు మాట్లాడాలో తెలుస్తుంది. రెండో మెట్టుకు ఇలా రాయండి:

=కౌంట్‌ఇఫ్స్(ఎఫ్2:ఎఫ్312,"బకాయి",జి2:జి312,">=31",జి2:జి312,"<=60")

మూడో మెట్టులో 61, 90 పెట్టండి, మొదటి దానిలో "<=30", చివరి దానిలో ">90". ఒకే హద్దు అంకెను రెండు మెట్లలో పెడితే ఒకే అప్పు రెండు చోట్ల లెక్కలోకి వస్తుంది. నాలుగు జవాబులూ కలిపితే మొత్తం బకాయిల సంఖ్య రావాలి. తక్కువ వస్తే జి కాలమ్‌లో ఏదో గడి ఖాళీగానో, అక్షరాలుగానో ఉన్నట్టు. 90 అనే అంకెను కె2 గడిలో పెట్టి దాన్ని ప్రస్తావించదలిస్తే ">"&$కె$2 అని రాయాలి. ">కె2" అని మొత్తం కొటేషన్ మార్కుల మధ్య పెడితే ఆ రెండక్షరాలను అది మాటగానే తీసుకుంటుంది, సున్నా చూపి ఊరుకుంటుంది, తప్పు అని కూడా చెప్పదు.

ఏపీఎం గారి ప్రశ్నకు వస్తున్నాను. ఆయన సరైన ప్రశ్నే అడిగారు. కౌంట్‌ఇఫ్ గానీ కౌంట్‌ఇఫ్స్ గానీ మనుషులను లెక్కపెట్టలేదు, షరతుకు సరిపోయిన గడులను, వరుసలను మాత్రమే లెక్కపెడుతుంది. మీ షీటులో ఒక వరుస అంటే ఒక అప్పు. ఒకే సభ్యురాలికి బ్యాంకు లింకేజీ అప్పూ, స్త్రీనిధి (పొదుపు సంఘాల మహిళలకు అప్పులిచ్చే సహకార సంస్థ) అప్పూ రెండూ బకాయి ఉంటే ఆమె రెండుసార్లు వస్తుంది. మనుషుల లెక్క కావాలంటే ఒకే మనిషి రెండోసారి వచ్చినప్పుడు గుర్తుపట్టే ఏర్పాటు చేయాలి. హెచ్2 గడిలో ఇది రాసి కిందికి లాగండి:

=కౌంట్‌ఇఫ్స్($ఎ$2:ఎ2,ఎ2,$బి$2:బి2,బి2,$ఎఫ్$2:ఎఫ్2,"బకాయి")

ఇందులో మెలకువంతా డాలర్ గుర్తుల్లో ఉంది. పరిధి మొదలు కదలదు, చివర మాత్రం వరుసతో పాటు కిందికి జరుగుతుంది, కాబట్టి ప్రతి వరుసలోనూ "ఈ సంఘంలో ఈ నంబరు గల సభ్యురాలి బకాయి ఇప్పటి దాకా ఎన్నోసారి వచ్చింది" అనే దానికి జవాబు వస్తుంది. సంఘం పేరును కూడా ఎందుకు కలిపామంటే, మీరు ప్రతి సంఘంలోనూ సభ్యుల నంబర్లను ఒకటి నుంచి మొదలుపెట్టారు, ఉత్త నంబరుతో వెతికితే 22 సంఘాల్లోని మూడో నంబరు సభ్యులందరూ ఒక్కరే అయిపోతారు. చివరిగా =కౌంట్‌ఇఫ్స్(ఎఫ్2:ఎఫ్312,"బకాయి",హెచ్2:హెచ్312,1) అని అడిగితే మొదటిసారి కనిపించిన బకాయిదారులు మాత్రమే వస్తారు. హెచ్‌లో 1 ఉన్నంత మాత్రాన ఆ వరుస బకాయి అని కాదు, అందుకే రెండు షరతులూ ఉండాలి. స్థితి మాటలు సరిచేశాక మీ షీటులో 38 వచ్చింది. ఆరుగురికి రెండేసి, ఒకరికి మూడు అప్పులు బకాయి ఉన్నాయి. నింపని ఆ రెండు గడులు తేలాక ఈ అంకె కూడా మళ్లీ చూసుకోండి. ఆఫీస్ 365 ఉన్నవారు =రోస్(యూనిక్(ఫిల్టర్(ఎ2:బి312,ఎఫ్2:ఎఫ్312="బకాయి"))) అని ఒక్క గడిలో తీయవచ్చు, కానీ మండల కార్యాలయంలో పాత ఎక్సెల్ ఉంటే అది అక్కడ పనిచేయదు కాబట్టి హెచ్ కాలమ్ దారే మీకు మేలు.

నంబర్ల మాట వచ్చింది గనుక, మీరు బ్యాంకు ఖాతా నంబర్లతో ఒకరే రెండుసార్లు వచ్చారేమో చూడాలనుకుంటే ఒక జాగ్రత్త పాటించాలి. ఎక్సెల్ 15 అంకెల వరకే కచ్చితంగా పోల్చగలదు. ఖాతా నంబరులో 16 అంకెలు ఉంటే, దాన్ని అక్షరాలుగా భద్రపరిచినా సరే, కౌంట్‌ఇఫ్ దాన్ని అంకెగా మార్చి చూసుకుంటుంది, చివరి అంకెలోనే తేడా ఉన్న రెండు ఖాతాలను ఒకటే అంటుంది. నంబర్లు అక్షరాలుగానే ఉన్నప్పుడు షరతు చివర &"*" చేర్చితే అక్షరాలుగానే పోల్చుతుంది. ఆధార్‌లో 12 అంకెలే కనుక ఈ బెడద లేదు.

సంఘాల వారీ పట్టికలో మీ చిక్కు డాలర్ గుర్తులు లేకపోవడమే. ఫార్ములాను కిందికి లాగినప్పుడు ఎ2:ఎ312 కాస్తా ఎ3:ఎ313 అయింది, ఆ తరువాత ఎ4:ఎ314 అయింది, అలా ఒక్కో సంఘానికీ పైనుంచి కొన్ని వరుసలు జారిపోయాయి. పరిధిని టైపు చేశాక ఎఫ్4 మీట నొక్కితే డాలర్ గుర్తులు వాటంతటవే పడతాయి. రెండు పరిధుల పొడవూ సమానంగా ఉండాలి, ఒకటి 312 దాకా, మరొకటి 300 దాకా ఇస్తే కౌంట్‌ఇఫ్స్ తప్పు చూపుతుంది. 22 సంఘాల జవాబుల మొత్తం, స్థితి కాలమ్ నుంచి నేరుగా తీసిన బకాయిల సంఖ్యతో సరిపోకపోతే ఏదో సంఘం పేరు రెండు రకాలుగా టైపైందని అనుకోవచ్చు. మీ షీటులో ఒక సంఘం పేరులో "శ్రీ" తరువాత కొన్ని చోట్ల ఖాళీ ఉంది, కొన్ని చోట్ల లేదు.

ఇక మండల సమాఖ్య ఫైలు. కౌంట్‌ఇఫ్, కౌంట్‌ఇఫ్స్ రెండూ మూసి ఉన్న వేరే ఫైలు లోపలికి వెళ్లి లెక్కపెట్టలేవు. వాళ్ల ఫైలులో మీ ఫైలు మీద నేరుగా కౌంట్‌ఇఫ్ రాసి ఉంటారు, మీ ఫైలు కూడా తెరిచి ఉన్నంతసేపు జవాబు వచ్చింది, మూసేశాక లెక్క మళ్లీ తిరిగినప్పుడు హ్యాష్ గుర్తుతో వాల్యూ అనే తప్పు వచ్చింది. లెక్కలన్నీ మీ ఫైలులోనే ఒక షీటులో తీసి పెట్టి, వాళ్లను ఆ జవాబు గడికి మాత్రమే లింకు ఇచ్చుకోమనండి. మామూలు లింకు ఫైలు మూసి ఉన్నా పనిచేస్తుంది, ఫైలు పేరూ అది ఉన్న ఫోల్డరూ మాత్రం మార్చకూడదు. మీరు వాట్సాప్‌లో ప్రతి నెలా కొత్త పేరుతో ఫైలు పంపుతున్నట్టయితే లింకు తెగిపోతుంది, అప్పుడు వాళ్లు పాత పేరుతో, పాత ఫోల్డర్‌లోనే దాచుకోవాలి.